మాట మరుగైనను నిలిచిన పాట
('ఇండియన్ ఓషన్' బృందగానమును గూర్చి కొన్ని విచారములు)

పొరుగు భాషల నడుమ తరతరములుగా కాపురమున్న కుటుంబములలో ఇంటిభాష ఒక్కనాడు పోదు. ముందు లెక్కలు పోవును. పిమ్మట ఉత్తరములు పోవును. ఆపైని పిల్లలతోడి మాటలు పోవును. అన్నింటికంటె కడపట పోవునది పాట. తెలుగున రెండు వాక్యములు కూర్చి పలుకలేని మనుమరాలు, మంగళహారతి వేళకు మాత్రము నాయనమ్మ పాడిన పాటను పొల్లుపోకుండ పాడుట హోసూరు మొదలు బరంపురము వరకు మన ఇండ్లలో చూచుచునే యున్నాము. ఇట్లు మిగిలిన పాటకు విలువ యేమి? అర్థము తెలియని నోట నిలిచిన పాట బ్రతికియున్నట్లా, లేనట్లా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై తెలుగువారిది కాని యొక పాటను, తెలుగువారిది కాని యొక గాయకబృందమును మేము ఈ వ్యాసమునకు ఎన్నుకొంటిమి. ఆ పాట పేరు 'కందీసా'. దానిని దేశమంతటికిని వినిపించినది ఢిల్లీ నగరమున పుట్టిన 'ఇండియన్ ఓషన్' అను బ్యాండు. తమది కాని పాటను పరాయివారు పాడగా విని, మన పాటను గూర్చి మనము నేర్చుకొనదగినది కొంత కలదని మా నమ్మకము.

బ్యాండు అనగానే మనవారికి పెండ్లి ఊరేగింపులోని బాకాలును డోళ్లును తలపునకు వచ్చును. ఇచట చెప్పునది అది కాదు. నలుగురైదుగురు మిత్రులు గిటారు, డ్రమ్ములు, పాట తమలో తాము పంచుకొని, తమ పాటలను తామే కట్టుకొని, తామే వాయించుకొను చిన్న కూటమికి పాశ్చాత్య దేశములలో ఈ పేరు చెల్లుచున్నది. విద్యుత్తుతో మ్రోగు గిటారు ప్రధానముగా గల రాక్ సంగీతము 1950 తరువాత అమెరికాలోను ఇంగ్లండులోను యువజనమును ఆకట్టుకొనెను. పల్లెపాటలు పాడువారిలో పలువురు దానిని రొదగా ఎంచిరి. 1965లో ఈ రెండును ఒక్కచోటికి వచ్చినవి. ఆ సంవత్సరమున 'బర్డ్స్' అను కాలిఫోర్నియా బృందము, బాబ్ డిలన్ రచించిన యొక పాటను విద్యుత్ గిటారుతోను అనేక కంఠముల కలయికతోను పాడి అమెరికా యంతట మ్రోగించెను. 'ఫోక్ రాక్' అను పేరు ఆ యేడే పత్రికలకెక్కినది. 1969లో ఇంగ్లండున 'ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్' అను బృందము తమ దేశపు ప్రాత కథాగేయములను ఇదే రీతిని పాడి 'లీజ్ అండ్ లీఫ్' అను సంపుటమును వెలువరించెను. నాటినుండి నేటివరకు అనేక దేశములలో యువకులు తమ తాతల పాటలను తమ వాద్యములపై పలికించుచునే యున్నారు.

ఇట్టి బృందములను మెచ్చుకొనునపుడు విమర్శకులు తప్పక వాడు మాట 'హార్మనీ'. మన నాటకరంగమువారికి హార్మనీ యనగా పెట్టె. సంగీతశాస్త్రమున దాని యర్థము వేరు. ఒకే వేళ వేరువేరు కంఠములు వేరువేరు స్వరములను పలుకుచు, ఒకదానితో నొకటి పొసగునట్లు సాగుట హార్మనీ. ఒకరు షడ్జమమున నిలువగా, రెండవవారు గాంధారమునను మూడవవారు పంచమమునను నిలిచిరనుకొందము. మూడును కలిసి వినువానికి ఒక్క నిండు నాదముగా తోచును. మన శాస్త్రీయసంగీతము ఈ దారి త్రొక్కలేదు. మనది ఒక్క రాగపు తీగ. పదుగురు కూడి పాడినను అందరును ఆ యొక్క తీగనే పాడవలెను. అయినను మన పల్లెపాట ఈ విషయమున కొంత స్వేచ్ఛ తీసికొన్నది. బుర్రకథలో కథకుని గొంతు తగ్గీతగ్గకమునుపే ఇరుప్రక్కల వంతలు అందుకొందురు. ఒక కంఠము మీద మరియొక కంఠము ఒరసికొని పోవును. శాస్త్రము దీనికి పేరు పెట్టకపోవచ్చును గాని, విను జనమునకు దాని బలము తెలియును. ఇండియన్ ఓషన్ వారి గానమును తెలిసికొనుటకు పాశ్చాత్య హార్మనీ యొక త్రోవ, మన వంతపాట మరియొక త్రోవ. రెండును తెలిసినవానికి ఆ గానము సులువుగా అందును.

ఈ బృందమునకు మూలపురుషులు ఇద్దరు: గిటారు వాయించు సుస్మిత్ సేన్, తబలా వాయించుచునే పాడు అశీమ్ చక్రవర్తి. 1990లో బృందము ఏర్పడినది. హిందూ మహాసముద్రమని యర్థమిచ్చు ఆ పేరును సుస్మిత్ సేన్ తండ్రి సూచించెను. 1991లో బేస్ గిటారుతో రాహుల్ రామ్ వచ్చి చేరెను. 1994లో డ్రమ్ములకు అమిత్ కీలమ్ వచ్చెను. ఈ నలువురును కలిసి పనిచేసిన పదునైదేండ్ల కాలము ఆ బృందపు ఉచ్చదశ.

నలువురి పుట్టుపూర్వోత్తరములను చూచిన మన పాఠకులకు ఒక సంగతి తోచకపోదు. సేన్, చక్రవర్తి అనునవి వంగదేశపు ఇంటిపేరులు. కీలమ్ కాశ్మీరపు పేరు. రాహుల్ రామ్ తండ్రి హెచ్.వై. మోహన్ రామ్ గారు మైసూరు సీమనుండి ఉత్తరమునకు పోయి, ఢిల్లీ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యులుగా ప్రసిద్ధికెక్కిన పండితులు. తాతగారు హొళెనరసీపురము యోగనరసింహము గారు కర్ణాటక సంగీతమున వాగ్గేయకారులు. హిందీ మాటలాడు నగరమున నిలిచి పాడిన ఈ నలువురి వెనుకను వేరువేరు సీమలు కలవు. పెద్దల ఊరు ఒకటి, తమ ఊరు ఒకటియైన కుటుంబముల సంగతి మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఏ ఒక్క భాషకును కట్టుపడక, హిందీ, వంగభాష, నర్మదాతీరపు పల్లెపలుకు, తుదకు సురియానీ భాషను గూడ ఒక్క వేదికమీద పాడుటకు వారికి జంకు కలుగకపోవుటకు ఇదియు ఒక కారణమని మా యూహ.

వారిని స్వతంత్ర బృందమని పిలుచుట యేల? మన దేశమున జనులు వినెడి పాటలో అధికభాగము సినిమా పాట. సినిమా నీడలో లేని పాటకు రికార్డు దొరకుట కష్టము, రేడియోలో చోటు దొరకుట కష్టము, కూలి దొరకుట మరింత కష్టము. సినిమా కొరకు గాక తమ కొరకు పాట కట్టుకొని, ఊరూర కచేరీలు చేసి బ్రతికినవారే ఇచట స్వతంత్రులు. ఇండియన్ ఓషన్ వారి మొదటి సంపుటము 1993లో హెచ్.ఎమ్.వి. ముద్రతో వెలువడినది. రెండవదియైన 'డెజర్ట్ రెయిన్' ఏ స్టూడియోలోను పుట్టలేదు. వీథినాటకకర్త సఫ్దర్ హాష్మీ 1989 జనవరి 1వ తేదీన ఢిల్లీ చెంతనున్న సాహిబాబాదులో నాటకమాడుచుండగా దాడికి గురియై మరునాడు మరణించెను. ఆయన స్మృతికై ఏటేట జరుగు సభలో 1997 జనవరి 1వ తేదీన ఈ బృందము వాయించినదే ఆ సంపుటమైనది. జనము నడుమ, వణకించు ఢిల్లీ చలిలో, దిద్దుకొనుటకు వీలులేని చోట చేసిన గానమది. 2000లో 'కందీసా' సంపుటము టైమ్స్ మ్యూజిక్ వారి ద్వారా వచ్చినది. దానితో వారి పేరు దేశమంతటను తెలిసినది.

వాద్యముల మాట ఒకటి చెప్పి ముందుకు పోవుదుము. అమిత్ కీలమ్ డ్రమ్ములతో పాటు 'గబ్‌గుబి' అను చిన్న వాద్యమును వాయించును. వంగదేశపు బౌల్ గాయకులు చంకన నిరికించుకొని వాయించు ఖమక్ అను వాద్యమిదియే: ఒకవైపు తోలు మూసిన బుర్ర, ఆ తోలునుండి బయలుదేరిన తంతి, తంతిని లాగిపట్టు చేతిపిడి. తంతిని బిగించుచు వదలుచు మీటినచో నాదము వంగి లేచును. దీనిని చూచినంతనే మన జమిడిక కనులయెదుట నిలుచును. ఎల్లమ్మ కథలు చెప్పువారి చేతనున్న జమిడికయు, శ్రీకాకుళపు సీమలో జముకుల కథకు ప్రాణమైన జముకును ఈ కుదురునకు చెందినవే. మన చదువుకొన్నవారు అవతలకు నెట్టిన వాద్యపు చుట్టమొకటి ఢిల్లీ వేదికమీద విద్యుత్ గిటారు ప్రక్కన గౌరవముగా నిలిచినది.

ఇక 'కందీసా' పాటకు వత్తము. దానిలోని భాష సురియానీ. సురియానీ అరమాయిక్ భాషకు ఒక శాఖ. పడమటి ఆసియాలో వేయి సంవత్సరములకు పైగా శాస్త్రమునకును ప్రార్థనకును వాడుకయైన భాష యది. ఆ భాష కేరళమునకు ఎట్లు వచ్చినది? క్రీస్తు శిష్యుడైన తోమా మొదటి శతాబ్దమున మలబారు తీరమునకు వచ్చెనని అచటి నస్రాణీ క్రైస్తవుల సంప్రదాయము చెప్పును. ఆ సంప్రదాయమెట్లున్నను, పర్షియా సీమ క్రైస్తవ మఠములతో వారికి శతాబ్దములపాటు సంబంధముండుట చరిత్ర. ఆ సంబంధముతో సురియానీ వారి గుడిభాష అయినది. ఇంట మలయాళము, గుడిలో సురియానీ. మలయాళమును సురియానీ లిపిలో వ్రాయు పద్ధతి గూడ వారిలో పెరిగినది. సురియానీలో లేని ధ్వనులకు మలయాళపు అక్షరములను అరువు తెచ్చుకొనిరి. పవిత్రమను అర్థము గల 'కద్దీశా' అను పదము కేరళ కంఠములలో నాసికాధ్వని తగిలి 'కందీశా' అయినది. దేవుడు పవిత్రుడని, బలవంతుడని, అమర్త్యుడని మూడు మారులు కొనియాడి దయ వేడుకొను అతి ప్రాచీన స్తోత్రమునకు ఇది మొదటిమాట. ప్రపంచమునందలి ప్రాచ్య క్రైస్తవసంఘములన్నియు తమతమ భాషలలో ఈ స్తోత్రమును పాడుచునే యుండును.

ఆ స్తోత్రమును తరతరములుగా మోసినవారు పండితులు కారు. పంటపొలమునుండి, పడవరేవునుండి ఆదివారము గుడికి వచ్చిన సామాన్యులు. వారిలో పలువురికి పదముల అర్థము విడివిడిగా తెలియదు. పాట తెలియును, పాడవలసిన వేళ తెలియును. ఈ స్థితి మంచిదా, చెడ్డదా యను చర్చ వారిలోనే పుట్టినది. అర్థముకాని ప్రార్థన యేల యని ఒక పక్షము. తాతలు పాడినదానిని విడచుట యెట్లని మరియొక పక్షము. సిరో-మలబారు సంఘమువారు 1962 జూలై 3వ తేదీన తమ ఆరాధనను మలయాళమునకు మార్చుకొనిరి. జనులకు అర్థము దక్కినది. దానితోపాటు సురియానీ పాటలు పెక్కు నోటినుండి జారిపోవ నారంభించినవి. మిగిలినవానిని వెదకి ధ్వనిముద్రణ చేయు శ్రమను ఫాదర్ జోసెఫ్ పాలక్కల్ వంటి సంగీతపరిశోధకులు తలకెత్తుకొనిరి. లాభనష్టములు రెండును ఒక్క త్రాసులో తూగిన సందర్భమది. దీనిని తీర్పరులమై తేల్చుట మా పని కాదు. ఇట్టి త్రాసు మన ఇండ్లలోను వ్రేలాడుచున్నదని మాత్రము చెప్పుదుము.

కేరళపు గుడులలో ఆ పాట పలుచబడిన నలువది సంవత్సరములకు, సురియానీ ఎరుగని నలువురు ఢిల్లీ యువకులు దానిని తమ సంపుటమునకు శిరోనామముగా నిలిపిరి. వారు పాడిన తీరు ఇట్లున్నది. ఆరంభమున తొందర లేదు. గిటారు తంతులు నెమ్మదిగా విచ్చుకొనును. కంఠము కొద్ది మాటలనే తీసికొని, దీర్ఘముగా, ప్రతి అచ్చును సాగదీయుచు పాడును. క్రమముగా కంఠములు చేరును. అశీమ్ చక్రవర్తి గొంతు సన్నగా పైకి సాగునది. రాహుల్ రామ్ గొంతు గరుకైనది, నేలమీద నడచునది. అమిత్ కీలమ్ గొంతు ఆ రెంటిని కలుపునది. మూడును కలిసినపుడు ఒకటి మరియొకదానిని మింగదు. ఏ గొంతు ఎవరిదో చెప్పవచ్చును. అయినను పాట ఒక్కటే. పలుకులు మారవు, మరల మరల అవియే వచ్చును, మారునది లయ. తబలాయు డ్రమ్ములును మెల్లగా వేగము పెంచి, తుదకు స్తోత్రమును ఉత్సవముగా చేయును. కచేరీలలో ఆ పాట మొదలుకాగానే వేలమంది కుఱ్ఱకారు, తమకు ఒక్క ముక్కయు అర్థముకాని ఆ ప్రాచీనభాషను గొంతెత్తి పాడుట ఒక విశేషము.

విమర్శకులు ఈ సంపుటమును మిక్కిలి మెచ్చుకొనిరి. భారతీయ రాక్ సంగీతమునకు సొంత గొంతు దొరికినదని పలువురు వ్రాసిరి. కొందరు దీనిని ఫోక్ రాక్ అనిరి, కొందరు ఫ్యూజన్ అనిరి. ఏ పేరు పెట్టినను ఒక ప్రక్క మిగిలిపోవుచునే యున్నది. ఆ ప్రశంసలో మేము ఒప్పుకొను అంశములు మూడు. మొదటిది: వారు పాశ్చాత్య హార్మనీని అరువు చీరవలె పైన కప్పలేదు. వారి కంఠములు కలియు తీరులో మన భజనగోష్ఠి యున్నది, ఖవ్వాలీ యున్నది, పల్లెవంత యున్నది. రెండవది: వాద్యముల నడుమ పెత్తనము లేదు. తబలా డ్రమ్ములకు లొంగలేదు, డ్రమ్ములు తబలాను అణచలేదు. గిటారు శ్రుతిపెట్టెవలె నిలిచి, అవసరమైనపుడే ముందునకు వచ్చును. మూడవది: పాటకు వ్యవధి ఇచ్చుట. సినిమా పాట కొలతకు కత్తిరింపక, రాగము విచ్చుకొనువరకు వారు వేచియుందురు.

మేము సంశయించునదియు ఒకటి కలదు. ప్రశంస యంతయు పాడినవారికే పోయినది. కాపాడినవారికి చాల తక్కువ వచ్చినది. 'అరమాయిక్ పాట' యని పత్రికలు అబ్బురపడినవి గాని, ఆ భాష మన దేశపు పల్లెలలో, మన పొరుగువారి నోట బ్రతికిన భాషయే యని గుర్తుచేసినవారు కొందరే. వినువారు నాదమునకు పరవశులైరి. పదము ఏమనుచున్నదో తెలిసికొన గోరినవారు అరుదు. బృందమువారు ఆ పాటను దొంగిలించిరని మా భావము కాదు. అది సంప్రదాయపు పాటయని వారే చెప్పుకొనిరి. లోపము మెచ్చుకొనువారిలోనిది. పంటను పొగడి చేనును మరచుట విమర్శకు తగదు.

ఆ సంపుటములోనిదే 'మా రేవా' అను మరియొక పాట ఈ సంగతిని ఇంకను స్పష్టపరచును. రేవా యనగా నర్మద. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున పర్యావరణ విషశాస్త్రమున డాక్టరేటు పొంది తిరిగివచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేసెను. సర్దార్ సరోవర్ ఆనకట్టవలన ముంపునకు గురియగు గ్రామములలో తిరుగునపుడు వినిన పాటలు అతని వెంట ఢిల్లీకి వచ్చినవి. నదిని తల్లిగా కొలుచు ఆ తీరవాసుల పాటయే 'మా రేవా'. ఆ యానకట్ట 2017 సెప్టెంబరు 17వ తేదీన జాతికి అంకితమైనది. ఆ లోయలో అనేక గ్రామములు నీటి పాలైనవి. ఊరు మునిగినది, పాట తేలినది. అయితే దానిని పాడుకొను వాకిలి మునిగిన తరువాత ఆ పాట ఎవరిది? దానిని ఆనందముతో వినుచున్న నగరవాసి ఈ ప్రశ్నను ఒక్కమారైనను వేసికొనవలెను.

ఈ దృష్టితో మనవైపు చూచుకొందము. కేరళమున సురియానీ ఎట్లో, తమిళసీమలో సంగీతమునకు తెలుగు చాలవరకు అట్లే. త్యాగరాజస్వామి (1767–1847) తిరువైయారున కాపురముండి తెలుగున పాడెను. నేడు పుష్య బహుళ పంచమినాడు కావేరి యొడ్డున వందలకొలది గాయకులు కూర్చుండి పంచరత్నములను ఒక్క గొంతున పాడుదురు. ఆ యైదింటిలో ఒకటి సంస్కృతము, నాలుగు తెలుగు. పాడువారిలో తెలుగు మాటలాడువారు కొందరే. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరముండుటవలన, పాటల పుస్తకములలో ఆ యక్షరము ప్రక్కన 2, 3, 4 అను అంకెలు వేసి ఉచ్చారణను కాపాడుకొనుచున్నారు. తంజావూరు నాయకరాజుల కాలమున వెలసిన మేలట్టూరు అగ్రహారమున నరసింహజయంతికి వేంకటరామశాస్త్రి తెలుగు నాటకములను భాగవతమేళముగా ఆడుచున్నారు. చుట్టునున్న ప్రేక్షకుల భాష తమిళము. బెంగుళూరు చామరాజపేటలో 1939 నుండి జరుగు రామనవమి కచేరీలలో తెలుగు కృతిని పాడువారు కన్నడిగులో తమిళులో కావచ్చును. వీరందరును మన భాషను మోయుచున్నవారే. అక్షరము ప్రక్కన అంకె వేసికొని పలుకు నేర్చుకొనినవారి శ్రద్ధకు మనము ఋణపడియున్నాము.

కాని ఒక భేదము కలదు. త్యాగరాజకృతికి శిష్యపరంపర యున్నది, పుస్తకమున్నది, సభ యున్నది. మన ఇంటిపాటకు అవి లేవు. సోలాపురమున మగ్గముల పేటలో బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడు పాట, బరంపురమున ఊయల యూపుచు పాడు లాలిపాట, సేలము, కోయంబత్తూరు ప్రాంతముల పెండ్లిండ్లలో వియ్యపురాండ్రు ఎత్తిపొడుచుకొను పాట — ఇవి పాడునది ఒకరు, వంత పలుకునది పదుగురు. వంత యున్నంతవరకు ముందు పాడునామెకు ఒక చరణము మరపునకు వచ్చినను వెనుకనున్నవారు అందింతురు. ఒంటరిగా పాడుకొను పాట ఒక ప్రాణముతో పోవును. పదుగురు పంచుకొన్న పాట అంత త్వరగా పోదు. బృందగానపు అందము చెవికి తెలియును. దాని ప్రయోజనము కాలము గడచిన పిమ్మట తెలియును.

ఇండియన్ ఓషన్ చరిత్రయే దీనికి సాక్ష్యము. 2009 డిసెంబరు 25వ తేదీన అశీమ్ చక్రవర్తి గుండెపోటుతో మరణించెను. బృందపు ముఖ్యకంఠము ఆగిపోయినది. అంతకుమునుపే ఆయన పాడి ముద్రింపించిన పాటలను, కరోల్‌బాగులో తాము సాధన చేసిన ప్రాత ఇంటి చిరునామాయే పేరుగా పెట్టి, '16/330 ఖజూర్ రోడ్' అను సంపుటముగా 2010లో వెలువరించిరి. దానిలోని పాటలను నెలకొకటి చొప్పున వెలలేకయే జనులకు పంచిపెట్టిరి. అదే యేట జైదీప్ వర్మ ఈ బృందముపై తీసిన 'లీవింగ్ హోమ్' అను చిత్రము థియేటర్లలో ఆడినది. దానికి జాతీయ చలనచిత్ర పురస్కారమును లభించినది. పిమ్మట అశీమ్ స్థానమున హిమాంశు జోషి పాటకును, తుహీన్ చక్రవర్తి తబలాకును వచ్చిరి. 2013లో సుస్మిత్ సేన్ గూడ విడిపోగా నిఖిల్ రావు గిటారు అందుకొనెను. మూలపురుషులిద్దరును లేకున్నను బృందము నిలిచి, 2014లో 'తందాను', 2023లో 'తూ హై' అను సంపుటములను తెచ్చినది. 'కందీసా'ను వేదికమీద విడువలేదు. పాడు గొంతులు మారినవి, పాట మారలేదు. కేరళ గ్రామములలో శతాబ్దములపాటు జరిగినదియు ఇదే.

మొదట వేసిన ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవచ్చును. అర్థము తెలియని నోట నిలిచిన పాట బ్రతికియే యున్నది. కాని అది నిదురించుచున్న బ్రతుకు. మేలుకొలుపుటకు రెండు చేతులు కావలెను. ఒకటి కలిసి పాడుట, రెండవది పదమునకు అర్థమడుగుట. ఢిల్లీ యువకులు మొదటిదానిని చేసి చూపిరి. నస్రాణీలు 1962లో రెండవదానికై మొదటిదానిలో కొంత వదలుకొనిరి. రెంటిని కలిపి నిలుపుకొను అవకాశము మనకు ఇంకను మిగిలియున్నది. ఏలయన తెలుగు ఇంకను సజీవభాష, అడిగిన చెప్పువారు ఇంటిలోనో పొరుగు వీథిలోనో కలరు.

కనుక మన సంఘములు ఉగాది సభలకు సినిమా పాటల పోటీ పెట్టుటతో తృప్తిపడక, ప్రతి కుటుంబమును తమ ఇంటి పాట నొకదానిని తెమ్మని పిలువవలెను. పెద్దామె ముందు పాడును, పిల్లలు వంత పలుకుదురు. పిల్లలకు తెలుగు లిపి రాకున్న తమిళముననో, కన్నడముననో, ఒడియాలోనో, మరాఠీ వాడు నాగరలిపిలోనో వ్రాసికొందురు గాక. అక్షరము ప్రక్కన అంకెలు వేసికొన్నను తప్పు లేదు. ప్రతి పాట క్రిందను అది ఏ ఊరినుండి వచ్చినదో, ఎవరి నోటినుండి విన్నారో, కఠినపదముల కర్థమేమో నాలుగు పంక్తులు వ్రాయవలెను. చేతిలోని ఫోనుతో ముద్రించి నలుగురి యిండ్ల భద్రపరుపవలెను. గిటారు నేర్చిన కుఱ్ఱవాడు ఆ పాటకు తన తంతిని జోడించెదనన్నచో అడ్డు చెప్పరాదు. నాయనమ్మ రాగము చెడకుండ, మాట విరుగకుండ పాడుమని మాత్రము చెప్పి, ప్రక్కన కూర్చుండి వినవలెను. వాడు ఒక పదము దగ్గర ఆగి, "దీనికి అర్థమేమి నాయనమ్మా?" అని అడిగిననాడు మన శ్రమ ఫలించినదని ఎంచుకొందుము.